పది మెడల ఏకగ్రీవం

ప్రశ్న: మాది పది మంది సభ్యులున్న పొదుపు సంఘం. నేను రెండవ లీడర్‌ని. పన్నెండేళ్లుగా మా మీటింగు ఒక్క నెల కూడా తప్పలేదు, బ్యాంకు కంతు ఒక్కసారి కూడా ఆగలేదు. ఈ జూలై మీటింగు నాటికి సంఘం నిధిలో 90,000 రూపాయలు ఉన్నాయి. వరసకు నాకు వదిన అయ్యే ఆమె, కొడుకు ఇంజినీరింగు ఫీజు కోసం 70,000 అంతర్గత అప్పు కావాలని అడిగింది. ఫీజు ఇప్పుడు సగం, జనవరిలో సగం కట్టాలట. మాట మొదలుపెట్టగానే ఆమెకు ఏడుపు ఆగలేదు. భర్త పట్టించుకోడని, పిల్లవాడి చదువు ఆగిపోతే తాను బతికి లాభం లేదని చాలాసేపు చెప్పింది. అందరికీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకొకామెకు కోపం వచ్చి, ‘ప్రతిసారీ ఏడ్చినవాళ్లకేనా? రేపు కట్టకపోతే ఎవరు కడతారు? ఇలాగైతే నేను సంఘంలోంచి వెళ్లిపోతా’ అని కేకలు వేసింది. నిజానికి వదిన ఇంతకుముందు తీసుకున్న అప్పు సరిగ్గానే కట్టింది. కోప్పడిన ఆమెను ఊరుకోబెట్టేసరికి చీకటి పడింది. చివరికి 70,000 ఇవ్వాలని తీర్మానించి, పుస్తకంలో ‘ఏకగ్రీవంగా’ అని రాశాం. పది మందీ సంతకాలు పెట్టారు. కుట్టుపని చేసే ఒకామె కూడా గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషనుకు 40,000 అడిగింది కానీ, ‘నాది తర్వాత చూద్దాంలే’ అంది. ఆ తర్వాత రెండు మీటింగులకు ఆమె రాలేదు. పొదుపు డబ్బు, పాస్‌బుక్కు కూతురితో పంపిస్తోంది. ఏడవడం రానివాళ్లకు మా సంఘంలో అన్యాయం జరుగుతోందని నాకు ముల్లులా గుచ్చుకుంటోంది. నేను అడ్డుచెబితే మనసు లేనిదాన్నంటారు, పైగా బంధుత్వంలో మాట వస్తుంది. ఇక మీద చేతులెత్తించి ఓట్లతో తేల్చుకుంటే మంచిదా?

సమాధానం: మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. మీ వదిన ఏడుపు గురించి మీరు వివరంగా రాశారు. కోప్పడిన ఆమె మాటలను ఉన్నవి ఉన్నట్టు రాశారు. కుట్టుపని చేసే ఆమె అవసరానికి మాత్రం ఒకే ఒక్క వాక్యం దక్కింది, అది కూడా తీర్మానం అయిపోయి, పది సంతకాలూ పడిపోయిన తర్వాత. ఆమె కోసం బాధపడుతూ రాసిన ఉత్తరంలోనే ఆమెకు ఈ చోటు దొరికిందంటే, ఆ సాయంత్రం మీటింగులో ఎంత చోటు దొరికి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. గట్టిగా వినిపించిన బాధ మన జ్ఞాపకంలో కూడా ఎక్కువ జాగా ఆక్రమిస్తుంది, దానికి ఎవరమూ అతీతులం కాము.

మీ ఉత్తరంలోనే ఉన్న ఇంకొక సంగతి దీనికంటే ముఖ్యమైనది. ఫీజు ఇప్పుడు సగం, జనవరిలో సగం కట్టాలని మీరే రాశారు. అంటే జూలైలో మీ వదినకు కావలసింది 35,000. మిషనుకు కావలసిన 40,000 కలిపితే 75,000 అవుతుంది. నిధిలో ఉన్నది 90,000. ఇద్దరికీ ఆ రోజే ఇచ్చినా ఇంకా 15,000 మిగిలేది. ఈ లెక్క వేయడం పన్నెండేళ్లుగా పుస్తకాలు నడుపుతున్న సంఘానికి చేతకాని పని కాదు. అయినా ఎవరూ వేయలేదంటే, కళ్లెదుట ఒక మనిషి వెక్కి వెక్కి ఏడుస్తున్నప్పుడు ‘ఫీజు మొత్తం ఇప్పుడే కట్టాలా వదినా?’ అని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆ ప్రశ్న అడిగినవాళ్లు రాతిగుండె మనుషుల్లా కనిపిస్తారు. అందువల్ల మీ సంఘంలో జరిగిన అన్యాయానికి కారణం ఆమె ఏడవడం కాదని నేను అనుకుంటున్నాను. ఆ ఏడుపు మొదలయ్యాక మిగతా తొమ్మిది మందీ ప్రశ్నలు అడగడం మానేశారు, అక్కడే పొరపాటు జరిగింది.

కాబట్టి మీ వదినను మనసులో కూడా దోషిని చేయవద్దు. నలుగురిలో గొంతు పూడుకుపోవడం కొందరి స్వభావం. ఇంట్లో వినే మనిషి లేని ఆడవాళ్లకు నెలకొక్కసారి జరిగే సంఘం మీటింగే మనసు విప్పే చోటు కావడం కూడా మనం చూస్తున్నదే. ఆమె పాత అప్పు సరిగ్గా కట్టింది, కొడుకు ఫీజు కూడా నిజమైన అవసరమే. ‘ఏడుపులు వద్దు, విషయం చెప్పండి’ అని నియమం పెడితే, ఆమెకు మాట రాకుండా పోతుందే తప్ప కుట్టుపని చేసే ఆమెకు మాట రాదు.

కోప్పడిన ఆమె విషయంలోనూ ఇంతే. ఆమె కేకల్లోంచి కేకను తీసేస్తే మిగిలే మాట ‘రేపు కట్టకపోతే ఎవరు కడతారు?’ అన్నది. ఇది చాలా న్యాయమైన ప్రశ్న. బ్యాంకులతో సంఘాలను అనుసంధానం చేసే పద్ధతిని నాబార్డు (జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు) 1992లో 500 సంఘాలతో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన నాటి నుంచి ఈ ఏర్పాటంతా ఒకే నమ్మకం మీద నిలబడి ఉంది. తాకట్టు పెట్టడానికి ఆస్తి లేని ఆడవాళ్లకు తోటి సభ్యులే పూచీ. ఒకరు ఎగవేస్తే పది మంది పరపతీ పోతుంది, బ్యాంకు సంఘానికిచ్చే తర్వాతి లింకేజీ రుణం ఆగుతుంది. ఆ భయం ఆమెకు కోపంగా బయటికి వచ్చింది. ఆమెను ఊరుకోబెట్టడానికి మీరు చీకటి పడేదాకా కష్టపడ్డారు కానీ, పాత అప్పు పేజీ తెరిచి ‘చూడమ్మా, కంతులన్నీ కట్టింది’ అని చూపించి ఉంటే ఐదు నిమిషాల్లో తేలిపోయేది. ‘వెళ్లిపోతా’ అనే బెదిరింపు మాత్రం వేరే సంగతి, దాని గురించి కింద చెబుతాను.

ఇక మాట్లాడని మనిషి దగ్గరికి వద్దాం. ‘మౌనం అర్ధాంగీకారం’ అని మనవాళ్లు ఎప్పటి నుంచో అంటున్నారు. అందులో ‘అర్ధ’ అనే మాట ఉన్న సంగతి మనం మరిచిపోతుంటాం. సామెత సగమే అంగీకారం అంటే, తీర్మానాల పుస్తకం దాన్ని మొత్తంగా జమ కట్టుకుంటుంది. ‘నాది తర్వాత చూద్దాంలే’ అన్న మాటలో ఒప్పుదల ఎంత, మొహమాటం ఎంత, ‘ఈ ఏడుపు ముందు నా మిషను సంగతి ఎవరికి పడుతుంది’ అన్న నిరాశ ఎంత? ఎవరూ అడగలేదు కనుక ఎవరికీ తెలియదు. మీ మీటింగులో ఎవరు ఎక్కడ కూర్చుంటారో ఈసారి ఒకసారి గమనించండి. చాప చివర, గుమ్మం పక్కన ప్రతి నెలా ఒకే మనిషి కూర్చుంటున్నారంటే దాని వెనుక వయసో, కులమో, ఆ ఊరికి కొత్తగా వచ్చిన కోడలు కావడమో, అందరికీ జాకెట్లు కుట్టి బతకవలసిన అవసరమో ఉంటుంది. గిరాకీ ఇచ్చే ఇళ్లవాళ్లే సంఘంలో తోటి సభ్యులైనప్పుడు వాళ్లతో పోటీ పడి అప్పు అడగడం ఆమెకు ఎంత ఇరకాటమో ఆలోచించండి.

సోలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950ల తొలినాళ్లలో అమెరికాలో కాలేజీ విద్యార్థులతో చేసిన ఒక ప్రయోగం ఇక్కడ గుర్తు చేయాలి. మూడు గీతల్లో ఏది నమూనా గీత అంత పొడవుందో చెప్పాలి. చిన్నపిల్లలు కూడా చెప్పగలిగిన ప్రశ్న అది. గుంపులో మిగతావాళ్లంతా ముందే మాట్లాడుకున్న ప్రకారం తప్పు జవాబు చెబుతుంటే, అసలు సంగతి తెలియని ఒక్క విద్యార్థి ఇచ్చిన జవాబుల్లో దాదాపు మూడో వంతు గుంపు చెప్పిన తప్పువైపే మొగ్గాయి. అయితే గుంపులో కనీసం ఇంకొక్కరు సరైన జవాబు చెప్పినప్పుడు ఆ మొగ్గు బాగా తగ్గిపోయింది. మీ కుట్టుపని ఆమెకు ఆ రోజు పది మంది మద్దతు అక్కర్లేదు. ‘ఆమె కూడా అడిగింది కదా, అది కూడా రాయండి’ అనే ఒక్క గొంతు చాలు. ఆ గొంతు మీది కాగలిగేది.

పుస్తకంలో రాసిన ‘ఏకగ్రీవం’ అనే మాట మీద కూడా నాకు చిన్న పేచీ ఉంది. గ్రీవం అంటే మెడ. అందరి తలలూ ఒకే మెడ మీద ఉన్నట్టుగా కుదిరిన అభిప్రాయం ఏకగ్రీవం. మీ సంఘంలో పది మంది ఉన్నారు, పది మెడలున్నాయి. దశగ్రీవుడని రావణుడికి పేరు కనుక ఆ పోలిక వద్దంటారేమో కానీ, జూలైలో మీ చాప మీద నిజంగా ఉన్నది అదే. ఒక మెడ ఏడుపుతో వంగింది, ఒకటి కోపంతో బిగుసుకుంది, ఒకటి పక్కకు తిరిగింది, మిగిలినవి అలసిపోయి ఊగాయి. ‘ఏకగ్రీవంగా’ అని రాయడం వల్ల ఈ తేడాలు మాయం కాలేదు. మళ్లీ ఎప్పుడైనా వెతికి చూసుకునే వీలు లేకుండా పుస్తకం బయట ఉండిపోయాయి.

చేతులెత్తించి ఓట్లు లెక్కపెట్టడం మీరు అనుకుంటున్న మందు కాదు. ఆరు చేతులు ఇటు, నాలుగు చేతులు అటు లేస్తే, ఓడిన నలుగురూ గెలిచినామె అప్పుకు పూచీగా ఉండవలసిందే, మర్నాడు పొద్దున్న అదే కుళాయి దగ్గర నీళ్లు పట్టుకోవలసిందే. పైగా బహిరంగంగా చెయ్యి ఎత్తడం కూడా మాట్లాడటం లాంటిదే. మీ వదిన చూస్తుండగా ఆమెకు వ్యతిరేకంగా చెయ్యి ఎత్తడానికి మీకే ధైర్యం చాలదు, గుమ్మం పక్కన కూర్చున్న ఆమెకు ఎక్కడి నుంచి వస్తుంది?

మన దేశంలో ఈ చిక్కును చాలా పూర్వమే ఎదుర్కొన్న సంఘం ఒకటి ఉంది. మీ సంఘానికి, దానికి పేరు కూడా ఒకటే. బౌద్ధ భిక్షువుల సంఘంలో ఉపసంపద (కొత్తవారిని పూర్తి భిక్షువుగా చేర్చుకోవడం) వంటి ముఖ్యమైన విషయాల్లో ప్రతిపాదనను సభ ముందు పెట్టి, ఒప్పుకునేవారు మౌనంగా ఉండాలని, ఒప్పుకోనివారు మాట్లాడాలని మూడుసార్లు ప్రకటించేవారు. మౌనాన్ని అంగీకారంగా తీసుకోవాలంటే మూడుసార్లు అవకాశం ఇచ్చి తీరాలి. వివాదం తెగనప్పుడు శలాకలు, అంటే చిన్న పుల్లలు, పంచి అభిప్రాయం సేకరించేవారు. అలా సేకరించడానికి భిక్షువుల నియమాల గ్రంథమైన వినయ పిటకం మూడు పద్ధతులు చెబుతుంది. రహస్యంగా తీసుకోవడం ఒకటి, చెవిలో చెప్పించుకోవడం ఇంకొకటి, బహిరంగంగా తీసుకోవడం మరొకటి. అందరి ఎదుటా నోరు తెరవలేనివాళ్లు ఉంటారని ఆనాడే గుర్తించారన్నమాట. నాకు మరీ నచ్చిన సంగతి ఏమిటంటే, శలాకలు సేకరించే మనిషికి పెట్టిన అర్హత. పక్షపాతం, ద్వేషం, మోహం (అంటే అవివేకం), భయం, ఈ నాలుగింటికీ లొంగనివాడై ఉండాలి. సభలో కూర్చున్నవాళ్లను మీ భావాలు బయట వదిలి రండని అడగలేదు. ఆ నియమం సభను నడిపేవాడికి పెట్టారు.

ఇప్పుడు ‘బంధుత్వంలో మాట వస్తుంది’ అని మీరు రాసిన వాక్యాన్ని ఆ నాలుగింటి పక్కన పెట్టి చూడండి. అది భయం. అందులో తప్పేమీ లేదు కానీ, ఆ భయం ఉన్నప్పుడు ఆ ఒక్క అప్పు మీద చర్చను మీరు నడపకూడదు. ‘ఈమె నాకు బంధువు, ఈ విషయం మొదటి లీడరే నడిపిస్తారు, నేను సభ్యురాలిగా మాట్లాడతాను’ అని పైకి చెప్పి పక్కకు జరగండి. ఇలా ఒకసారి మీరు చేస్తే, రేపు మొదటి లీడరు బంధువు అడిగినప్పుడు ఆమె కూడా చేయవలసి వస్తుంది. ఒకవేళ ఇద్దరికీ ఆమె బంధువే అయితే, గ్రామాల్లో అది తరచుగా జరిగేదే కనుక, ఆ పూటకు మూడో మనిషిని కూర్చోబెట్టండి.

మీటింగు నడిపే తీరులో మార్చవలసినవి ఎక్కువేమీ లేవు. క్రమం తప్పని మీటింగు, పొదుపు, అంతర్గత అప్పు, సకాలంలో చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అనే పంచసూత్రాలను మీకు నేను చెప్పనక్కర్లేదు. అయితే మీటింగులో ఎవరు ముందు మాట్లాడాలో ఈ అయిదింటిలో ఏదీ చెప్పదు. చర్చ మొదలు కాకముందే, అప్పు కావలసినవాళ్లందరి దగ్గరా అవే ప్రశ్నలు అదే వరుసలో అడిగి పుస్తకంలో రాసుకోండి. ఎంత కావాలి, దేనికి, ఏ తేదీకి, విడతలుగా సరిపోతుందా, ఒక నెల ఆలస్యమైతే ఏమవుతుంది, పాత అప్పు ఎంత ఉంది. వీటిలో ‘ఆలస్యమైతే ఏమవుతుంది’ అన్నదాన్ని వదలవద్దు. కన్నీళ్లతో చెప్పే మనిషి చేతా, ముక్తసరిగా చెప్పే మనిషి చేతా ఒకే రకమైన సమాచారాన్ని చెప్పించే ప్రశ్న అది. మీ వదిన ‘జనవరి దాకా సగం ఆగవచ్చు’ అని ఆ ప్రశ్నకు జవాబుగా తానే చెప్పి ఉండేది. కుట్టుపని ఆమె ‘దసరాకు ముందు మిషను రాకపోతే సంక్రాంతి దాకా వచ్చే పండుగల పనంతా పోతుంది’ అని చెప్పి ఉండేదేమో. ప్రశ్న అందరికీ ఒకటే అయినప్పుడు దాన్ని అడగడం కఠినత్వంగా ఎవరికీ తోచదు. మాట్లాడే వంతు చాప చివర నుంచి మొదలుపెట్టండి. లీడర్లు ఇద్దరూ ఆఖరున మాట్లాడండి. ఎవరికైనా గొంతు పూడుకుపోతే మంచినీళ్లు ఇచ్చి, కాసేపు ఆగి, మళ్లీ అదే ప్రశ్న దగ్గర నుంచి మొదలుపెట్టండి. ఆ విరామంలో నిర్ణయం మాత్రం తీసుకోవద్దు.

అడిగిన మొత్తం నిధిని మించినప్పుడు చింతపిక్కలు వాడవచ్చు. అప్పు అడిగిన ఒక్కొక్కరికీ ఒక డబ్బా పెట్టి, ప్రతి సభ్యురాలికీ అయిదు పిక్కలిచ్చి, ఎవరి అవసరం ఎంత తొందరదో దాన్నిబట్టి వేయమనండి. చదువు రానివాళ్లకు ఇబ్బంది ఉండదు, డబ్బా తెర వెనుక పెడితే ఎవరు ఎక్కడ వేశారో తెలియదు. ఆ పిక్కల లెక్కనే తీర్పుగా ప్రకటించవద్దు. దాన్ని చూసిన తర్వాత మళ్లీ మాట్లాడుకోండి. నోరు విప్పనివాళ్ల ఆలోచన ఎటు ఉందో ఒక్కసారి బయటపడితే చర్చ తీరే మారుతుంది.

‘వెళ్లిపోతా’ అన్న ఆమె సంగతి చెబుతానన్నాను. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు 17వ శతాబ్దపు ఇంగ్లండులో మొదలైనవారు. వాళ్ల సభల్లో ఓటింగు ఉండదు. సభ సారాంశం ఇదీ అని నిర్వహించే మనిషి అక్కడికక్కడే రాసి, చదివి వినిపించి, ఒప్పుదల తీసుకుంటారు. నచ్చని సభ్యులకు అడ్డుపడటమా, తలూపడమా అనే రెండే దారులు కాక, ‘నాకు ఇది నచ్చలేదు, అయినా మిమ్మల్ని ఆపను’ అని పక్కకు నిలబడే మూడో దారి కూడా ఉంది. మీ పుస్తకంలోనూ ఆ వాక్యానికి చోటివ్వండి. ‘ఈ అప్పు తిరిగి రావడంపై ఫలానా సభ్యురాలు సందేహం తెలిపారు, అయినా అడ్డుచెప్పలేదు’ అని రాసి, ఆమెకే చదివి వినిపించండి. తన మాట పుస్తకంలో ఎక్కిందని తెలిసిన మనిషికి కేక వేయవలసిన అవసరం సగం తగ్గుతుంది. సంఘం మొత్తానికి నష్టం కలిగించే కారణం, అంటే నియమం తప్పడమో పాత బాకీ ఉండటమో చూపిస్తే తప్ప ఒక్కరి అభ్యంతరంతో తీర్మానం ఆగకూడదని కూడా నిర్ణయించుకోండి. ఈ నిర్ణయం మాత్రం ఎవరూ అప్పు అడగని నెలలో చేయండి. అప్పు అడిగిన మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా చేసే నియమం ఆమె మీద చేసినట్టే ఉంటుంది.

ఈ గొడవంతా ఎందుకు, ఉన్నది పది మందికీ సమానంగా పంచేద్దాం అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోకండి. తలా 9,000 ఇస్తే ఫీజూ తీరదు, మిషనూ రాదు, అవసరం లేని ఆమె తన వాటాను అవసరమున్న ఆమెకే ఎక్కువ వడ్డీకి తిప్పుతుంది.

జరిగిపోయిన జూలై గురించి కూడా కొంత చేయగలరు. ముందు మీ వదిన దగ్గరికి ఒంటరిగా వెళ్లండి. జనవరి విడత 35,000 ఆమె దగ్గర ఇంకా ఉంటే, అప్పటిదాకా సంఘానికి తిరిగి జమ చేయడం వీలవుతుందేమో అడగండి. జమ చేస్తే ఆ మేరకు వడ్డీ కూడా తగ్గుతుందని, జనవరిలో ఆమె విడతకే మొదటి వరుస అని, ఆ మాట తీర్మానంలో రాయిస్తామని చెప్పండి. నిధిలో మిగిలిన 20,000 దానికి కలిస్తే మిషను డబ్బు వచ్చేస్తుంది. అయితే ఈ సంగతి మీటింగులో అందరి ముందూ ఎత్తవద్దు. అక్కడ అడిగితే సిగ్గుతో ఇస్తుంది, ఏడుపుతో పుచ్చుకున్నదానికీ సిగ్గుతో ఇచ్చినదానికీ పెద్ద తేడా ఉండదు. ఆ డబ్బు ఖర్చయిపోయిందంటే అంతటితో వదిలేయండి. ఈ రెండు నెలల్లో వచ్చిన పొదుపు, కంతులు కలిపి నిధి ఎంతకు చేరిందో చూసి, దసరా లోపు ఎంత ఇవ్వగలరో లెక్క వేసుకోండి.

ఆ తర్వాత కుట్టుపని ఆమె ఇంటికి వెళ్లండి. ఎందుకు రావడం లేదని అడగవద్దు, ‘నువ్వు ఆ రోజే గట్టిగా అడగాల్సింది’ అని అసలే అనవద్దు. ఓవర్‌లాక్ మిషను లేక ఇప్పుడు అంచులు ఎక్కడ కుట్టిస్తోందో, దానికి ఎంత పోతోందో, ఆ పని ఎలా నడుస్తోందో అడిగి వినండి. ఆమె ఒప్పుకుంటేనే ఆ అప్పును వచ్చే మీటింగులో మొదటి అంశంగా పెడతానని చెప్పండి. మీటింగులకు రాకపోయినా నెల నెలా పొదుపు పంపిస్తోందంటే ఆమె సంఘాన్ని వదులుకోలేదు. ఈ నెల పొదుపు జమ రాసిన పాస్‌బుక్కును కూతురి చేతికి ఇచ్చి పంపకండి, మీరే తీసుకువెళ్లండి.